ఉడికిన మట్టి

నర్సరీ తోటమాలికి శుభ్రమంటే పిచ్చి. పారకైనా స్నానం చేయించనిదే మూలన నిలబెట్టడు. చేతులు కడుక్కుని, ఆ చేత్తో కొళాయి కట్టేశానే అని మళ్ళీ కడుక్కుంటాడు. మొక్కల డాక్టరమ్మ ఎక్కడపడితే అక్కడ మరిచిపోయే కళ్ళజోడును కూడా తుడిచి జేబులో దాస్తాడు. ఈ శుభ్రమే కొంప ముంచింది. కుండీలు మార్చిన రోజున మూడువందల పైన్ మొక్కల వేళ్ళకున్న తెల్లపోగులను బూజనుకుని కడిగేశాడు. నెల తిరిగేసరికి మొక్కలన్నీ పాలిపోయాయి. “అది బూజు కాదయ్యా, వేళ్ళకు నీళ్ళందించే శిలీంధ్రం. చెట్టు దానికి తిండి పెడుతుంది. అసలు మొక్కలు నేలమీదికొచ్చిందే ఇలాంటివాటి తోడుతో. అంత పాత కాపురాన్ని ఒక్కపూటలో విడగొట్టావు,” అందామె. ఆ పోగులుండే మట్టిని పెద్ద పైన్ చెట్ల కింద తవ్వించి తెచ్చి, కుండీకో గుప్పెడు వేయమంది.

ఇంకో నెల గడిచినా మొక్కలు తేరుకోలేదు. “నిజం చెప్పు, ఆ మట్టి వేశావా?” “వేశానమ్మా. మూడుసార్లు ఉడకబెట్టి మరీ వేశాను. అందులో ఏం పురుగులున్నాయో ఏమో.” ఆమె తల పట్టుకుంది. నిన్ను తీసేయమని ఇప్పుడే రాస్తానంటూ కాగితం లాక్కుని, కళ్ళజోడు కోసం బల్లంతా తడిమింది. అతను జేబులోంచి తీసి, మరోసారి తుడిచి, చేతికిచ్చాడు. ఆమె అది పెట్టుకుని, అతనివైపు కాసేపు చూసి, ఇంకో బస్తా మట్టి కావాలని రాసింది.