కృష్ణప్రియ ఫోనుకొచ్చే అంకెలు

ఇంజినీరింగ్ ఆఖరి సంవత్సరంలో నిహారిక, కృష్ణప్రియ, శివకుమార్ కలిసి ఒక వెబ్ అప్లికేషన్ తలపెట్టారు. ఆలోచన నిహారికది. వాళ్లమ్మ ఇందిరమ్మ నగర శివారు చిట్కుల్‌లో గది కిరాయికి తీసుకుని మందుల కంపెనీలో ప్యాకింగ్ పనికి వెళ్తుంది. ఫస్ట్ షిఫ్టు బస్సు ఎప్పుడొస్తుందో తెలియక రోజూ రోడ్డు మీద ముప్పావుగంట నిలబడుతుంది. బస్సు ఎక్కడుందో ఫోనులో కనబడితే ఆ ముప్పావుగంటా ఆమె ఇంట్లోనే ఉండొచ్చు.

ఆలోచన నిహారికదైనా దాన్ని నిలబెట్టింది కృష్ణప్రియే. బీరంగూడ అమ్మాయి. తండ్రి సూర్యప్రకాశరావు ఏలూరు వైపు నుంచి ఉద్యోగానికొచ్చి, అక్కడి ఒక ప్లాంటులో ముప్పై రెండేళ్లు ఇన్‌స్పెక్షన్ పని చేసి రిటైరయ్యాడు. ఆయన పట్టుదలే కూతురికీ వచ్చింది. శివకుమార్ ఏది రాసినా పదిసార్లు నడిపి చూసేది. "డ్రైవర్ ఫోనుకి సిగ్నల్ పోతే ఏం చూపిస్తుంది? పాత చోటే చూపిస్తే జనం మోసపోరూ?" అని అడిగేది. మిగతా ఇద్దరికీ అలాంటి ప్రశ్నే తోచేది కాదు.

సెప్టెంబరులో, కాలేజీలో ప్రాజెక్టు రివ్యూ జరిగే వారంలోకి వచ్చాక, ఆమె రెండు రోజులు కోడ్ ముట్టకుండా కూర్చుంది. కొత్త కంప్యూటర్ మీద ప్రాజెక్టును ఎలా నడపాలో మొదటి నుంచి రాస్తోంది. నిహారికకు ఒళ్లు మండింది.

"ఏంది ప్రియా గిది? ఇంకా సర్వర్ మీదికే ఎక్కియ్యలే. నువ్వేమో రాసుకుంట కూసున్నవ్. ఎవరు సదువుతరు దీన్ని?"

"మీ మెషీన్లలో నడవకపోతే నన్నే కదా పిలుస్తారు."

"పిలువం తియ్!"

మర్నాడు కృష్ణప్రియ రాలేదు. అలిగిందనుకుంది నిహారిక. నేనెందుకు ముందు ఫోన్ చెయ్యాలి అనుకుని రెండు రోజులు ఊరుకుంది. మూడో రోజు శివకుమార్ చెప్పాడు, డెంగీ అని, ఆసుపత్రిలో చేర్చారని. రివ్యూ అయ్యాక వెళ్దామనుకున్నారు. ఐదో రోజు ఉదయం కృష్ణప్రియ చనిపోయింది.

కాలేజీవాళ్లు రివ్యూ వాయిదా వేశారు. తరువాత ఇద్దరూ ల్యాబ్‌లో కూర్చుంటే ప్రాజెక్టు ఏ మెషీన్‌లోనూ నడవలేదు. చివరికి ఆమె రాసి పెట్టిన ఫైలే తెరిచారు. నాలుగో మెట్టు దగ్గర ఇలా ఉంది: "నిహా, ఇక్కడ నువ్వు తొందరపడతావు. ముందు ఫైల్ పేరు మార్చు, ఆ తరువాతే కింద లైను." నిహారిక కుర్చీలోంచి లేచి బయటికి వెళ్లిపోయింది. శివకుమార్ ఒక్కడే మిగతాదంతా చదివి నడిపాడు. నడిచింది.

సర్వర్ ఖాతా మాత్రం కృష్ణప్రియ పేరు మీద ఉంది. తెరవాలంటే ఆమె ఫోనుకొచ్చే ఆరంకెలు కావాలి. ఇరవై రోజులు ఎవరికీ ఫోన్ చేసే ధైర్యం లేకపోయింది. ఆఖరికి నిహారికే చేసింది.

"హలో, ప్రియ ఫోనండీ," అన్నాడు సూర్యప్రకాశరావు. సంగతి విని, కళ్లజోడు వెతుక్కుని, ఒక్కో అంకే నిదానంగా చదివాడు. "మళ్లీ చెప్పమంటావా అమ్మా?"

అప్పటి నుంచి కొత్త మార్పు ఎక్కించినప్పుడల్లా ఆయనకు ఫోన్ వెళ్లేది. "ఈసారి ఏం మార్చారమ్మా?" అని అడిగేవాడు. తనే సైటు తెరిచి చూసి, "మీ బస్సు ఇస్నాపూర్‌లో గంట నుంచి కదల్లేదు, చూసుకోండి," అని చెప్పేవాడు. ఆయన చెప్పింది ప్రతిసారీ నిజమే అయ్యేది.

ఏప్రిల్‌లో ప్రాజెక్టు గైడ్ దీనికి ఒప్పుకోలేదు. ఖాతా ఇప్పుడు చదువుతున్నవాళ్ల పేరు మీదే ఉండాలన్నాడు. "ఇంకొక్కసారి ఓటీపీ అడిగితే అయిపాయె," అన్నాడు శివకుమార్. ఆ మాట ఫోనులో చెప్పలేక నిహారిక బీరంగూడ వెళ్లింది.

ఆయన ఫోను ఛార్జింగులోంచి తీసి చేతిలో పట్టుకుని విన్నాడు.

"అంటే, ఇక దీనికి అంకెలు రావన్నమాట."

"రావు అంకుల్."

ఆయన భార్య కమలాకుమారి మజ్జిగ గ్లాసు ముందు పెట్టింది. ఏడు నెలలుగా ఎవరికీ చెప్పనిది నిహారిక అప్పుడు బయటపెట్టింది.

"ఆంటీ, జరమని నాకు తెల్వలే. అలిగిందనుకున్న. తెలిసినంక గూడ ఫోన్ చెయ్యలే."

కమలాకుమారి వచ్చి ఆమె పక్కన కూర్చుంది. "రెండుసార్లు అడిగింది, నిహారిక ఫోన్ చేసిందా అని," అంది. ఆ మాట అన్నందుకు వెంటనే నొచ్చుకుని, "కోపంతో కాదమ్మా, ఊరికే అడిగింది," అంటూ అమ్మాయి తల మీద చెయ్యి వేసింది.

నిహారిక ల్యాప్‌టాప్ తెరిచి ఖాతా పేరు మార్చమని నొక్కింది. ఆయన చేతిలో ఫోనుకి మెసేజ్ వచ్చింది. సూర్యప్రకాశరావు చదివాడు. నిహారిక కళ్లు తుడుచుకుంటూ రెండుసార్లు తప్పు కొట్టి, మూడోసారి సరిగ్గా కొట్టింది. ఖాతా మారిపోయింది.

బస్టాపు దాకా ఆయన తోడొచ్చాడు. "ఏదైనా పాడైతే చెయ్యమ్మా. పాడవకపోయినా చెయ్యి."

నెల రోజులు చెయ్యలేకపోయింది. ఒక ఆదివారం పొద్దున చేసింది. ఆ నంబర్ ఇంకా మోగుతూనే ఉంది.

"ఒక్క క్షణం ఉండమ్మా, ఇంకా రాలేదు," అన్నాడాయన అలవాటుగా.

"అంకెల కోసం కాదంకుల్. మీరు, ఆంటీ ఎట్లున్నరో అడుగుదామని."

అవతల కుర్చీ జరిగిన చప్పుడైంది. తరువాత ఆయన లోపలికి పిలిచాడు, "కమలా, నిహారికే. నీతో మాట్లాడుతుందిట."