కుదురుగా నిలబడిన క్లాసు

మా కాలేజీ గదుల్లో కెమెరాలు బిగించిన రోజు నేను పెద్దగా పట్టించుకోలేదు. దొంగల కోసమేమో అనుకున్నాను, మా గదుల్లో ఎత్తుకుపోవడానికి డస్టర్లు తప్ప ఏమీ లేకపోయినా. ఆ బొమ్మ తల్లిదండ్రుల ఫోన్లలోకి కూడా పోతుందని తర్వాత తెలిసింది. ఎక్కడో ఊళ్ళో అరుగు మీద కూర్చుని, మన పిల్ల పాఠం వింటోందా, కునుకు తీస్తోందా అని చూసుకోవచ్చన్నమాట. అలా చూసిన ఒక తండ్రికి తన కూతురు కనబడలేదు, నేను కనబడ్డాను.

"మాథ్స్ మేడం గారికి ఏటైనా పట్టినాదేటి సార్? అలగ ఊగిపోతన్నారు," అని ఆయన ప్రిన్సిపాల్‌కు ఫోన్ చేశాడట.

పట్టింది నిజమే, పుట్టినప్పటి నుంచీ పట్టుకునే ఉంది. నేను ఊగుతాను. బోర్డు ముందు నిలబడితే మడమల మీద నుంచి మునివేళ్ళ మీదకి, మళ్ళీ మడమల మీదకి. చాక్‌పీసు లేని చేతి వేళ్ళు ఒక్కొక్కటీ వచ్చి బొటనవేలిని తాకి పోతుంటాయి. లెక్క కష్టమయ్యే కొద్దీ ఊపు పెరుగుతుంది, సన్నగా గొంతులో ఒక రాగం కూడా మొదలవుతుంది. శ్రీకాకుళంలో ఈ జూనియర్ కాలేజీలో చేరినప్పటి నుంచీ ఇలాగే చెప్తున్నాను. కొత్త పిల్లలు మొదట్లో నవ్వుతారు. తర్వాత వాళ్ళకు నవ్వే తీరిక ఉండదు, ఎందుకంటే నేను బోర్డు నింపే వేగం అలాంటిది. ఇన్నేళ్ళలో లెక్క అర్థం కాలేదని వచ్చినవాళ్ళున్నారు గానీ ఊపు అర్థం కాలేదని వచ్చినవాళ్ళు లేరు.

ప్రిన్సిపాల్ గుంటూరు వైపు మనిషి, మర్యాదస్తుడు. నన్ను కూర్చోబెట్టి టీ తెప్పించాడు. మర్యాదగా మాట్లాడేవాళ్ళతో వచ్చిన చిక్కేమిటంటే, వాళ్ళ మీద అరవడానికి కూడా వీలుండదు.

"మీ సబ్జెక్టుకు వంక పెట్టడానికి లేదు మేడమ్. కానీ ఒక్కసారి మీరే చూడండి," అని తన ఫోన్ నా వైపు తిప్పాడు.

నన్ను నేను అలా చూసుకోవడం అదే మొదలు. చిన్న గాజుపలక మీద ఆకుపచ్చ చీరలో ఒక మనిషి ముందుకూ వెనక్కీ ఊగుతోంది. శబ్దం లేదు. శబ్దం తీసేస్తే పాఠం పోయి ఊపు ఒక్కటే మిగిలింది. ఎవరినైనా నోరు నొక్కేసి చూపిస్తే పిచ్చివాళ్ళలాగే కనబడతారని చెప్పబోయాను. ఆయన మర్యాద అడ్డొచ్చింది. వేళ్ళు మాత్రం బల్ల కింద వాటి పని అవి చేసుకుంటున్నాయి.

"నాకు ఆటిజం ఉందండీ. విశాఖపట్నంలో డాక్టరు పరీక్ష చేసి చెప్పారు. ఊగకపోతే నాకు ఆలోచన నడవదు," అన్నాను చివరికి.

"ఛ ఛ, అలా అనుకోకండి మేడమ్. అది చిన్నపిల్లలకు కదా వచ్చేది. మీరు ఎమ్మెస్సీ చేసినవారు."

చిన్నపిల్లలకు వస్తుందట. ఆ పిల్లలు పెరగరా? పెరిగిన రోజున ఎవరో వచ్చి వాళ్ళ దగ్గర్నుంచి వెనక్కి తీసేసుకుంటారా? ఈ మాటలన్నీ నాకు అరసవల్లి వెళ్ళే ఆటోలో వచ్చాయి, అదీ పైకే వచ్చేశాయి. ఆటో అతను వెనక్కి తిరిగి, "నన్నేనా అమ్మా?" అన్నాడు. ఆ గదిలో రావలసిన కోపం ఎప్పుడూ ఇంటికి పోయే దారిలోనే వస్తుంది నాకు.

ప్రిన్సిపాల్ ఆ రోజే మాట తేల్చి చెప్పాడు. వచ్చే వారం ఆయనే వచ్చి నా క్లాసులో వెనక బెంచీ మీద కూర్చుంటాడు. నేను కదలకుండా, కుదురుగా నిలబడి ఒక పాఠం చెప్పాలి. చెప్పగలిగితే సరి. లేకపోతే నన్ను మెటీరియల్ సెక్షన్‌కు మారుస్తారు. అంటే మెట్ల కింద గదిలో కూర్చుని వారం వారం పరీక్షలకు ప్రశ్నపత్రాలు తయారుచేయాలి. జీతం తగ్గదని ఆయన భరోసా ఇచ్చాడు. జీతం సంగతి ఎవరడిగారు? నాకు మనుషులతో మాట్లాడటం చేతకాదు. పెళ్ళిళ్ళలో ఎవరైనా పలకరిస్తే ఏం చెప్పాలో తెలియక గోడ వైపు చూస్తాను. నేను మనుషులతో హాయిగా మాట్లాడగలిగే చోటు ఈ భూమ్మీద ఒక్కటే, బోర్డు ముందు. అది పోతే నాకు ఇంకొకటి లేదు.

కుదురు అనే మాట వింటేనే నాకు ఒళ్ళు మండుతుంది. చిన్నప్పుడు మా అమ్మ నోట ఆ మాట వినని పూట లేదు. మాది సముద్రం ఒడ్డు ఊరు. అమ్మ నెత్తళ్ళూ కానాగంతలూ లాంటి చేపలు తట్టకెత్తుకుని ఊళ్ళమ్మట అమ్మేది. తెల్లారి వాకిట్లో కూర్చుని నేను ఊగుతుంటే, "ఒసే, నీకు కుదురు నేదేటే? సూసినోలు ఏటనుకుంతారు?" అని తిట్టేది. తిడుతూనే చేత్తో పాత చీర ముక్కను మెలేసి గుండ్రంగా చుట్టేది. దాన్ని నెత్తిన పెట్టుకుని, దాని మీద తట్ట పెట్టుకునేది. ఆ గుడ్డచుట్ట పేరు కూడా కుదురే. అది లేకుండా తట్ట నెత్తిన నిలవదు. అదేమైనా బిగుసుకుని ఉంటుందా? అమ్మ నడకకు తగ్గట్టు అటూ ఇటూ సర్దుకుంటూ ఉంటుంది. కింద అది కదులుతుంది కాబట్టే పైన తట్ట కదలదు. నా ఊపు కూడా సరిగ్గా అంతే. నాకు కుదురు లేదని అందరూ చూపించేది ఏదో, అదే నా కుదురు. ఈ ముక్క ప్రిన్సిపాల్‌తో అందామనుకున్నాను. కాలేజీని చేపల తట్టతో పోల్చానని ఆయన నొచ్చుకుంటాడని ఊరుకున్నాను.

ఆటిజమని తేలిన రోజున ఫోన్ చేసి అమ్మకు చెప్తే ఆమె విన్నది వేరు.

"ఆటా? ఇంత వయసొచ్చినాక ఆటలేటే?"

"ఆట కాదమ్మా, ఆటిజం. పుట్టుకతో వొత్తాదట. ఊగడం, ఏళ్ళు ఆడించుకోడం, అన్నీ దానివల్లేనట."

"పుట్టుకతో వొచ్చిందని తెలుసుకోడానికి బస్సెక్కి ఇశాపట్నం ఎల్లినావా? నన్నడిగితే సెప్పకపోదునా?"

ఆ రోజు నవ్వాను. ఎన్నాళ్ళ తర్వాతో అంత నవ్వాను. డాక్టరు చెప్పిందాని కంటే అమ్మ మాటే నాకు ఎక్కువ నమ్మకంగా అనిపించింది.

ఊగడమంటే మావాళ్ళకు గౌరవం లేదని కాదు. నేను హైస్కూల్లో ఉండగా అమ్మవారి పండగలో డప్పులు మోగుతుంటే, ఆ మోత తట్టుకోలేక కళ్ళు మూసుకుని ఊగడం మొదలుపెట్టాను. కళ్ళు తెరిచేసరికి నా కాళ్ళ మీద పసుపునీళ్ళు పోస్తున్నారు. మా వీధి పెద్దావిడ చేతులు జోడించి, "తల్లీ, ఈ యేడు ఏట బాగుంటాదా?" అని అడిగింది. వలలో చేపలు పడతాయా అని ఆవిడ బాధ. నాకు తెలిసిన నిజం చెప్పాను, "నాకెలగ తెలుస్తాది?" అని. అమ్మవారు అలా మాట్లాడదు కాబట్టి నేను ఉత్త నేనేనని తేలిపోయింది. అప్పటిదాకా మొక్కిన చేతులే నన్ను పక్కకు నెట్టాయి. దేవత ఊగితే హారతి, ఆడపిల్ల ఊగితే చీవాట్లు. ఊపు మాత్రం ఒక్కటే.

వారం రోజులూ ఇంట్లో కుదురుగా ఉండటం అభ్యాసం చేశాను. అద్దం ముందు నిలబడి పాదాలు నేలకు అతికించినట్టు పెట్టేదాన్ని. పాదాలు ఆగితే వేళ్ళు మొదలెట్టేవి. పిడికిలి బిగిస్తే గొంతులో రాగం వచ్చేది. అది కూడా మింగేస్తే కళ్ళల్లోంచి నీళ్ళు వచ్చేవి, ఏడుపు లేకుండానే. ఒళ్ళంతా కలిసి నా మీద కుట్ర చేసినట్టుండేది. జువాలజీ చెప్పే ఆవిడ ఒక్కతే కాలేజీలో నాకు స్నేహితురాలు. విజయనగరం మనిషి, దేన్నీ పెద్దది చేయదు. "ఒక్క క్లాసే కదేటి, బిగబట్టీ. అయ్యగారు ఎల్లిపోయినాక నీ ఇష్టం వొచ్చినట్టు ఊగు," అంది. ఆవిడ మంచికే అంది. ఊపిరి బిగబట్టి ఈదమంటే ఎలా ఉంటుందో నాకు అలా ఉంది.

ఆ రోజు ఇంటిగ్రేషన్ చెప్పాలి. ప్రిన్సిపాల్ వచ్చి వెనక బెంచీలో కూర్చున్నాడు. పిల్లలు బిక్కుబిక్కుమంటూ చూస్తున్నారు. నేను మడమలు నేలకేసి తొక్కిపెట్టి, ఎడమ చేత్తో బల్ల అంచు పట్టుకుని మొదలుపెట్టాను. నా బుర్రంతా మడమల దగ్గరే ఉంది. కదలకు, కదలకు అని వాటికి చెప్పుకోవడమే సరిపోయింది, లెక్కకు మిగిలిందేమీ లేదు. రోజూ నాకు బోర్డు మీద వచ్చే వరుస ముందే కనబడుతుంది, నేను దాని మీద రాసుకుంటూ పోతాను. ఆ రోజు ఖాళీ బోర్డు కనబడింది. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు గుర్తు తెచ్చుకుంటూ, అక్షరం తర్వాత అక్షరం రాశాను. ఎందుకు అలా వస్తుందో ఒక్కచోట కూడా చెప్పలేదు. మధ్యలో ఒక మైనస్ గుర్తు జారిపోయింది. జారిపోయిందని నాకు తెలుసు. ఎక్కడో వెతకాలంటే కదలాలి. ముందు బెంచీ అమ్మాయి చెయ్యెత్తబోయి, వెనక్కి చూసి దించేసుకుంది. తప్పు జవాబు కింద గీత గీశాను.

గంట కొట్టగానే ప్రిన్సిపాల్ మొహం వెలిగిపోతూ నా దగ్గరికి వచ్చాడు.

"చూశారా మేడమ్, అనుకుంటే ఎంతసేపు! ఇవాళ మనిషిలా నిలబడి చెప్పారు."

"లెక్క తప్పండీ," అన్నాను. "మధ్యలో మైనస్ పోయింది. జవాబు తప్పు. పిల్లలకు ఒక్క ముక్క అర్థం కాలేదు."

"అదెంత పనండీ, తర్వాత సరిదిద్దుకోవచ్చు. ముందు నిలబడటం వచ్చింది కదా. రోజూ ఇలాగే ఉండండి."

నా ఉద్యోగంలో నేను చెప్పిన అన్ని పాఠాల్లోకీ చెత్త పాఠానికి నాకు మెప్పు దొరికింది. అంతకు ముందు ఎన్ని మంచి పాఠాలు చెప్పినా ఒక్కసారి కూడా ఎవరూ వచ్చి బాగుందని అనలేదు. స్టాఫ్ రూమ్ బాత్‌రూమ్‌లోకి వెళ్ళి తలుపు గడియ వేసుకుని, ఒళ్ళు నొప్పులు పుట్టేదాకా ఊగాను. మనిషిలా అన్న మాట మాత్రం పోలేదు. ఇప్పటికీ పోలేదు.

మర్నాడు క్లాసులోకి వెళ్ళగానే పిల్లలు, "నిన్న మీకు జొరం కాసినాదేటి మేడమ్?" అని అడిగారు. నేను కదలకపోతే వాళ్ళ కంటికి రోగిష్టిదానిలా కనబడ్డానన్నమాట. "నిన్న చెప్పింది తప్పు. కొట్టేయండి. మళ్ళీ చెప్తాను," అన్నాను. కెమెరా ఎక్కడుందో నాకు తెలుసు. తెలిసే మడమలు వదిలేశాను. వరుస మళ్ళీ కనబడింది. మైనస్ ఎక్కడ పోయిందో చూపించి, అది అక్కడికి ఎందుకొస్తుందో చెప్పి, అలాంటిదే ఇంకొక లెక్క వాళ్ళ చేత చేయించాను. ముందు బెంచీ అమ్మాయి "అదే మేడమ్, నాను నిన్ననే అనుకున్నాను," అని గట్టిగా అంది. అంత బాగా నేను ఎప్పుడూ చెప్పలేదేమో. శబ్దం లేకుండా అది ఎలా కనబడిందో మాత్రం నాకు తెలుసు.

ఆ సాయంత్రమే పిలుపొచ్చింది. ప్రిన్సిపాల్ ఈసారి టీ తెప్పించలేదు. కోప్పడలేదు కూడా, నిజంగానే బాధపడ్డాడు. "చేయగలిగి ఉండి చేయకపోతే ఏమనుకోవాలి మేడమ్?" అన్నాడు. ఆ ఒక్క క్లాసు నేను చేయగలను అనడానికి సాక్ష్యమైంది. నేనైతే అది చేయలేననడానికి సాక్ష్యమనుకున్నాను. ఎంత చెప్పినా ఇద్దరం ఒకే క్లాసు చూసినవాళ్ళలా లేము.

ఇప్పుడు మెట్ల కింద గదిలో ఉంటున్నాను. ఒక కంప్యూటరు, ఒక ఫ్యాను, కాగితాల కట్టలు. నా క్లాసు కొత్తగా చేరిన కుర్ర లెక్చరరుకు ఇచ్చారు. గోడ అవతల నుంచి ఆయన గొంతు వినిపిస్తుంది. చక్కగా, ఒకే తీరున, పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చెప్తాడు. పిల్లలు మొదట్లో సందేహాలు పట్టుకుని మెట్ల దగ్గరికి వచ్చేవాళ్ళు. అలా రాకూడదని ఎవరో చెప్పినట్టున్నారు, మానేశారు.

అమ్మకు ఫోన్ చేసి చెప్పాను. ఆమె నన్ను ఊరడించాలనే అంది.

"పోనీలేయే. ఆ గదిలో కెమేరాలు నేవు కదా. నీ ఇష్టవొచ్చినంత ఊగుకో. ఎవులూ సూడరు."

"ఎవులూ నేకపోతే," అన్నాను, "సెప్పీది ఎవులికే అమ్మా?"