పసుపు పెట్టిన తెల్లదుప్పటి

మా ఎదురు ఫ్లాట్‌లోని కొండమ్మ పిన్నికి దయ్యాలంటే భయం లేదు. భీమిలి దగ్గర గోనెసంచుల మిల్లులో ఏళ్ల తరబడి పనిచేసి, రాత్రి షిఫ్టు దిగాక శ్మశానం పక్క దారినే ఇంటికి నడిచొచ్చిన మనిషి. దారిలో ఎవరైనా వెనకనుంచి పిలిస్తే, పిలిచింది మనిషో కాదో కూడా చూడకుండా తిట్టిపోసేదట.

ఆవిడ భయమల్లా తెల్లగుడ్డకే. పెద్దకూతురు ఐదోయేట విషజ్వరంతో పోయినప్పుడు పిన్ని మిల్లులో ఉంది. కబురందుకుని పరుగెత్తుకొచ్చేసరికి పిల్లమీద తెల్లగుడ్డ కప్పేశారు. చూస్తే తట్టుకోలేదని పెద్దవాళ్లు ఆ గుడ్డ తియ్యనివ్వలేదు. ఈ సంగతి నాతో చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ చెప్పింది, ఎవరింటి కథో చెబుతున్నట్టు. నాకు మాత్రం ఆ పూట కూర సహించలేదు.

రెండో కూతురు సుచిత్ర చదువుకుని ప్రోగ్రామరై సింగపూర్ వచ్చింది. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ తలకిందులవుతాయని లోకం వణికిపోతున్న రోజులవి. సుచిత్రా, మొగుడు అనిల్‌కుమార్ ఆదివారాలు కూడా పాయా లేబర్ అనే పేటలోని తమ ఆఫీసులోనే ఉండేవారు. వాళ్ల పిల్ల మహతిని చూసుకోడానికి పిన్ని సెరంగూన్‌లోని మా కాండోకి, అంటే మేమంతా ఉండే అపార్ట్‌మెంట్ల సముదాయానికి, వచ్చింది. ఇంగ్లీషు ముక్క రాకపోయినా వాచ్‌మన్ దగ్గర్నుంచి కూరలబ్బాయి దాకా అందరినీ తెలుగులోనే దబాయించేది. పనులు జరిగిపోయేవి.

ఆ అక్టోబరు ఆఖర్లో కాండోలోని తెల్లవాళ్లు హాలోవీన్ పెట్టారు. పిల్లలు దయ్యాల వేషాలేసుకుని గడపగడపకీ తిరిగి మిఠాయిలు అడుగుతారు. మహతి దయ్యం వేషం వేస్తానని పట్టుపట్టింది. సుచిత్ర లిటిల్ ఇండియాలో కొత్త తెల్లదుప్పటి కొని, కళ్ల దగ్గర రెండు కన్నాలు కత్తిరించి ఆఫీసుకి వెళ్లిపోయింది. పిన్ని ఆ దుప్పటి పట్టుకుని నా దగ్గరికొచ్చింది.

"పిల్లకి తెల్లగుడ్డ కప్పి ఊరేగిస్తారేటమ్మా? ఈళ్లకి మతిగాని పోయినాదేటి?"

ఆట కదా పిన్నీ అన్నాను. చదువుకున్నదాన్ని కాబట్టి అంతకంటే తెలివైన మాట నాకు తట్టలేదు. అవతల పిల్ల ఏడ్చి ఏడ్చి ఎక్కిళ్లు పెడుతోంది. చివరికి పిన్నే దారి కనిపెట్టింది. కొత్తబట్టకి పసుపు పెట్టందే ఒంటిమీద వేసుకోం కదా. దుప్పటి నాలుగు మూలలా దట్టంగా పసుపద్దింది. ఇంక అది పండగబట్టే అని తనకి తనే సర్దిచెప్పుకుని, పిల్ల చెయ్యి పట్టుకుని దీపాలు పెట్టేవేళ బయల్దేరింది. నేను చాక్లెట్ల పళ్లెం ముందు పెట్టుకుని గుమ్మంలో కూర్చున్నాను.

కొంతసేపటికి పిన్ని తిరిగొచ్చింది, పక్కన దయ్యంతో. మొహం పాలిపోయి ఉంది. కింద లిఫ్టు దగ్గర పిల్లలంతా ఎగబడ్డారట, చెయ్యి జారి మహతి లోపలికి పోయిందట, తలుపులు మూసుకున్నాయట. మెట్లెక్కి పైకి పోయేసరికి వరండా నిండా తెల్లదుప్పట్లే. అన్నీ ఒకే ఎత్తు, ఒక్కదానికీ మొహం లేదు. ఒంగి మూలలు వెతికి, పసుపున్న దయ్యాన్ని పట్టుకుని లాక్కొచ్చేసిందట. "నా పసుపే కాపాడినాది" అంటూ చెమట తుడుచుకుంది. నేను దయ్యానికి చాక్లెట్ ఇచ్చాను. తీసుకుంది గానీ మాట్లాడలేదు. ఏమే, పలకవేం అని పిన్ని గదమాయించింది.

"ఐ యామ్ ఎ బాయ్ లాహ్" అంది దయ్యం, సింగపూర్ పిల్లల యాసలో.

దుప్పటి ఎత్తితే ఎవరో కుర్రాడు. బుగ్గమీద దిష్టిచుక్క. పేరు అభిరామ్ అట. నాన్నమ్మ వారం కిందట రాజమండ్రి నుంచి వచ్చిందట. దుప్పటికి పసుపు ఆవిడ పెట్టిందే.

పిన్ని గోడకి చేరబడిపోయింది. మరుక్షణం కుర్రాణ్ణి నాకొదిలేసి మెట్లవైపు పరుగెత్తింది. కుర్రాడి చెయ్యి పట్టుకుని నేనూ వెనకే దిగాను. మహతికి ఈత రాదు. కాండో మధ్యలో పెద్ద ఈతకొలను ఉంది. ఆ మాట ఇద్దరం అనుకోలేదు గానీ ఇద్దరం అటే పోయాం.

కొలనులో తెల్లగా ఏదో తేలుతోంది.

నేను గట్టుమీదే ఆగిపోయాను. పిన్ని మాత్రం ఆగలేదు. చీరతోనే మెట్లమీంచి నీళ్లలోకి దిగిపోయింది. నడుములోతు, రొమ్ములోతు. దుప్పటిని రెండు చేతులా లాక్కుని కింద తడిమింది. ఏమీ లేదు. గాలికెగిరి పడ్డ ఖాళీ దుప్పటి. అయినా నమ్మకుండా మూలలన్నీ వేళ్లతో వెతికి వెతికి చూసింది. ఒక్కదానికీ పసుపు లేదు.

"నాది కాదు. నా పిల్లది కాదు" అంటూ నీళ్లలోనే నిలబడి ఆ దుప్పటిని దూరంగా తోసేసింది.

అప్పుడే నా పక్కనున్న అభిరామ్ కొలను అవతలికి చెయ్యి చూపించి నాన్నమ్మా అని అరిచాడు. అక్కడ బెంచీమీద ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. పక్కనే పొట్టి దయ్యం ఒకటి, దుప్పటి లోపల ఏదో నములుతూ. ఆవిడ మనవడి గొంతు విని పక్కనున్న దయ్యాన్ని చూసింది, మళ్లీ ఇటు చూసింది. పేరు శ్యామలాదేవి అని తర్వాత తెలిసింది. ఆవిడా అంతే, ఆ పై వరండాలోనే మూలన పసుపు చూసి మనవడేనని చెయ్యి పట్టుకుని కిందికి తీసుకొచ్చింది. మాట్లాడకపోతే అలిగాడేమో అనుకుందట పాపం.

పిన్ని నీళ్లోడుతూ కొలను చుట్టూ తిరిగి వెళ్లింది. దయ్యం ముందు మోకాళ్లమీద కూలబడింది. దుప్పటి అంచు పట్టుకుంది గానీ ఎత్తలేకపోయింది. తియ్యి పిన్నీ అన్నాను. ఆవిడ నావైపు చూసింది. ఆ చూపు నాకు ఇవాళ్టికీ మరపు రాదు. ఎవరో వచ్చి చెయ్యి పట్టుకుని ఆపేస్తారని భయపడుతున్న చూపు.

ఎవరూ ఆపలేదు. మెల్లగా దుప్పటి ఎత్తింది.

మూతినిండా చాక్లెట్‌తో మహతి నవ్వుతోంది. ఎవరో తెలియని మనిషితో ఎందుకెళ్లావే అని నేను కసిరితే, ఆ పిల్ల బెదరలేదు. శ్యామలాదేవి పసుపంటిన చేతిని వేలితో చూపించింది. "సేమ్ స్మెల్ లాహ్, ఆంటీ. అమ్మమ్మ చెయ్యి స్మెల్."

పిన్ని ఆ మాట వినిపించుకున్నట్టు లేదు. తడి కొంగుతో పిల్ల మూతి తుడిచింది. నుదురు తడిమింది, బుగ్గలు తడిమింది, ముక్కు దగ్గర అరచెయ్యి పెట్టి ఊపిరి చూసుకుంది.

"ఆళ్లు నన్ను చూడనివ్వలేదమ్మా" అంది నాతో, పిల్ల మొహంమీంచి కళ్లు తిప్పకుండా. "ఈయేళ చూసినాను."