ఆధార్ పట్టుకుని ఫుట్‌బాల్‌కు వచ్చినవాళ్లు

2024లో ఎండలు ముదురుతున్న రోజులు. అప్పటికి నేను శంషాబాద్ దగ్గర ఒక చిన్న ఫుట్‌బాల్ క్లబ్‌లో టికెట్లూ గేట్లూ చూసుకునే ఉద్యోగంలో ఉన్నాను. ఇప్పుడూ అదే ఉద్యోగం. అంతకుముందు షాద్‌నగర్‌లో ఒక సినిమా హాలు బుకింగ్‌లో కూర్చునేదాన్ని. ఆ హాలు మూతపడి ఫంక్షన్ హాలైపోతే ఇటొచ్చి పడ్డాను. ఫుట్‌బాల్ గురించి నాకు తెలిసింది తక్కువ. కిటికీ అవతల నిలబడే జనం గురించి తెలిసింది ఎక్కువ. అందుకే భయం కూడా ఎక్కువ. మా ఇంట్లో నన్ను పరేషాన్ సునీత అంటారు. పిలిస్తే పలుకుతాను కూడా.

చిన్న క్లబ్ అంటే టీవీలో కనిపించేది కాదు. లీగులో కింది డివిజన్‌లో ఆడే జట్టు. ఆటగాళ్లలో సగం మంది వారమంతా వేరే పని చేసుకుని ఆదివారం బూట్లు తొడుక్కునేవాళ్లే. మా మైదానం సరిగ్గా విమానాలు దిగే దారి కింద ఉంటుంది. ఒక పక్క గ్యాలరీ, అంటే సిమెంటు మెట్లు. మిగతా మూడు పక్కలా గోడ. ఫ్లడ్‌లైట్లు లేవు కాబట్టి మ్యాచ్‌లన్నీ పగటిపూటే. టికెట్ ముప్పై రూపాయలుండేది. కాటేదాన్ ఫ్యాక్టరీలవాళ్లు, జల్‌పల్లి పోరగాళ్లు వచ్చి, పల్లీలు తిని, రెఫరీని నోరారా తిట్టి, హాయిగా పోయేవారు.

ఆ సీజన్‌లో మా ఓనర్ మూర్తి గారు టికెట్‌ను నూటయాభై చేశారు.

"ఒకేసారి ఇంతనా సర్?" అన్నాను.

"అంబులెన్స్ ఊరికే ఇస్తున్నారా సునీత గారూ? రెఫరీలు ఊరికే వస్తున్నారా? మైదానం అద్దె, ఆటగాళ్ల భోజనాలు, బయటి మ్యాచ్‌లకు బస్సు. మల్టీప్లెక్స్‌లో పాప్‌కార్న్‌కి ఇంతకంటే ఎక్కువ పెడతారు కదండీ జనం. మనం అడిగితేనే అన్యాయమా?"

మూర్తి గారిది విజయవాడ వైపు. కోపంలో కూడా గారు, అండీ వదలరు. అందుకని ఆయనతో పోట్లాడటం చాలా కష్టం. పైగా ఆయన చెప్పింది అబద్ధం కాదు. సొంత డబ్బు ఈ జట్టు మీద ధారపోస్తున్న మనిషి. కానీ సినిమా హాల్లో నేను చూసిందేమిటంటే, ధర పెరిగిన రోజు జనం తగువుకు రారు. కిటికీ దాకా వచ్చి, బోర్డు చదివి, ఏదో గుర్తొచ్చినట్టు వెనక్కి తిరుగుతారు. మా దగ్గరా అదే జరిగింది. తర్వాతి మ్యాచ్‌కు గ్యాలరీ బోసిపోయింది.

దాంతో మూర్తి గారు కొంచెం దిగొచ్చారు. స్థానికుల కుటుంబాలు రావాలి, ముఖ్యంగా ఆడవాళ్లు రావాలి అని ఒక ఫ్లెక్సీ వేయించారు. మాటలు ఆయనే రాశారు: "స్థానిక మహిళలకు ఆధార్ చూపితే టికెట్‌పై రాయితీ." ఆయన ఉద్దేశం, నూటయాభైకి బదులు నూరు అని. రేటు మాత్రం ఫ్లెక్సీ మీద వేయలేదు. చోటు చాలలేదట. తన ఫొటోకు చాలింది.

మా రాష్ట్రంలో ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఉచితం. ఆధార్ చూపిస్తే కండక్టర్ జీరో టికెట్ ఇస్తారు. ఛార్జీ దగ్గర సున్నా పడిన కాగితం అది. ఆ పథకం వచ్చి అప్పటికి కొన్ని నెలలే. ఆధార్, ఆడవాళ్లు, టికెట్ అన్న మూడు మాటలు ఒకచోట కనిపిస్తే ఇక్కడ ఎవరికైనా తోచే అర్థం ఒక్కటే. సొంత కారులో తిరిగే మూర్తి గారికి ఆ సంగతి తట్టలేదు.

ఆ ఆదివారం మధ్యాహ్నం షేర్ ఆటోలు ఒకదాని వెనక ఒకటి వచ్చి మా గేటు ముందు ఆగాయి. దిగినవాళ్లంతా ఆడవాళ్లే. మంచి చీరలు కట్టుకుని, పిల్లల్ని చంకనేసుకుని, నీళ్ల సీసాలతో వచ్చారు. మొదట సంబరపడ్డాను. నా సంబరం మొదటి మనిషి కౌంటర్ దగ్గరికి వచ్చేదాకానే. నడివయసు దాటిన మనిషి, పేరు యాదమ్మ. కిటికీ కంతలోంచి రెండు ఆధార్ కార్డులు లోపలికి తోసింది.

"రెండు జీరో కొట్టు బిడ్డా. నాకొకటి, మా కోడలుకొకటి."

"జీరో ఏందమ్మా?"

"జీరో టికెటే. ఆధార్ ఇచ్చిన గదా."

ఆమె వెనక కోడలు లావణ్య, చంకలో పసిపాప. వాళ్ల వెనక చూపు ఆనినంత దూరం చేతులన్నీ పైకి లేచి ఉన్నాయి. ప్రతి చేతిలోనూ ఆధార్ కార్డు.

"అమ్మా, ఇది రాయితీ. నూరు రూపాయలు."

"నూర్రూపాయలా?" యాదమ్మకు కోపం రాలేదు, ఆశ్చర్యం వేసింది. వెనక్కి తిరిగి, "కొత్త పిల్లున్నట్టుంది, దీనికి ఎరుక లేదు" అని అందరికీ వినబడేలా చెప్పింది.

మా గేటు సంగతి చెప్పాలి. లోపలికి పోయేది టర్న్‌స్టైల్ గుండా. ఇనుప చేతులుండి, ఒక్కో మనిషికి ఒక్కో తిప్పు తిరిగే గేటు అది. దాని ముందు, నా కిటికీ పక్కనుంచే, ఇరుకు దారి, రెండు పక్కలా ఇనుప రెయిలింగ్, పైగా దారి గేటు వైపు వాలుగా ఉంటుంది. టర్న్‌స్టైల్ ముందు రెయిలింగ్‌లో ఉన్న సందు దాటితే పక్కనే వెడల్పాటి ఇంకో గేటు ఉంది, అది అంబులెన్స్ కోసం. ముప్పై రూపాయల కాలంలో ఈ ఏర్పాటు సరిపోయేది. ఇంతమంది ఒక్కసారే ఎప్పుడూ రాలేదు.

సరిగ్గా అప్పుడే లోపల ఆట మొదలై కేకలు వినిపించాయి. వెనకున్నవాళ్లు, ఆట పోతోందని ముందుకు తోశారు. వాళ్లలో చెడ్డవాళ్లెవరూ లేరు. ముందేం జరుగుతోందో వాళ్లకు కనిపించదు, అంతే. ఈ ఉద్యోగంలో చేరినప్పుడు మాకిచ్చిన శిక్షణలో నిద్ర రాకుండా చేసిన మాట ఒకటుంది. క్రష్‌లో, అంటే జనం ఒత్తిడిలో, చాలామంది చనిపోయేది కిందపడి కాదు. నిలబడే, ఊపిరాడక చనిపోతారు. అరవడానికి కూడా గాలి ఉండదు కాబట్టి దూరానికి అంతా మామూలుగానే కనిపిస్తుంది.

లావణ్య రెయిలింగ్‌కు అదుముకుపోయి ఉంది. చంకలోని పాపను రెండు చేతులతో తల పైకి ఎత్తి పట్టుకుంది. ఆ పాప ఏడవడం లేదు, అదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

"అక్కా," అంది లావణ్య మెల్లగా, "జర ఊపిరాడ్తలేదక్కా."

సెక్యూరిటీ నర్సింహ ఫోన్ పట్టుకుని నా క్యాబిన్‌లోకి వచ్చాడు. "అక్కా, సార్ చేస్తుండు. టికెట్ లేకుంట ఒక్కల్ని గూడ ఇడువద్దంటుండు. మొత్తం బంద్ చేద్దామా?"

తోస్తున్న జనం ముందు తలుపు మూసేస్తే మొదటి వరుసలోనివాళ్లు ఆ తలుపుకే నలిగిపోతారు. ఉద్యోగం పోతే ఇల్లెట్లా గడుస్తుందన్న ఆలోచన కూడా వచ్చింది, రాలేదని చెప్పను. కానీ ఆ ఎత్తిన చేతులు ఎంతసేపు నిలుస్తాయో అన్నదే కళ్లముందు ఉంది.

"నర్సింహన్నా, అంబులెన్స్ గేటు తెరువు."

"సార్‌కేం జెప్పాలె?"

"ముందు తెరువన్నా. నా నౌకరి సంగతి తర్వాత చూద్దం."

అతను పోయి గేటు బార్లా తెరిచాడు. "పోండ్రి, పోండ్రి లోపలికి!" అని నేను కిటికీలోంచి అరిచాను.

ఒక్కరూ కదల్లేదు.

యాదమ్మ రెయిలింగ్‌ను రెండు చేతులా పట్టుకుని నిలబడి ఉంది. "టికెట్ ఏది?"

"టికెట్ వద్దమ్మా, ఊకెనే పోండ్రి!"

"ఊకె ఎట్ల పోతం? చెకింగోళ్లు వస్తే ఫైన్ ఎవరు కడ్తరు? జీరో టికెట్ చేతుల లేదని మొన్న మా ఆడబిడ్డను నడుమ తొవ్వల బస్సుల కెల్లి దించిన్రు. టికెట్ ఇయ్యి, పోతం."

ఆమె వెనకున్నవాళ్లంతా అవునవునన్నారు. గేటు తెరిచి ఉంది, పైసా అడగడం లేదు, అయినా టికెట్ లేకుండా లోపలికి అడుగు పెట్టేదిలేదంటున్నారు. దొంగతనంగా దూరేవాళ్లని మూర్తి గారు భయపడింది వీళ్ల గురించి! నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. మెషీన్‌లో ఒక్కో టికెట్ బయటికి రావడానికి పట్టే సమయం నాకు తెలుసు. ఈ వరుస అయ్యేదాకా లావణ్య చేతులు నిలవవు.

ఏదో చెప్పబోయాను. తల మీదుగా విమానం దిగింది, నా మాట నాకే వినబడలేదు. ఆ మోత తగ్గేంతలో నాకు బస్సు గుర్తొచ్చింది. రద్దీ బస్సులో టికెట్ తీసుకుని ఎవరు ఎక్కుతారు? ముందు ఎక్కుతాం. తర్వాత కండక్టరే వస్తుంది.

బయటికి ఉరికాను. నర్సింహ మెడలోని విజిల్ లాక్కుని, ప్లాస్టిక్ స్టూల్ ఎక్కి, గట్టిగా ఊదాను.

"రైట్ రైట్! ముందు ఎక్కుండ్రి! ఎక్కి సీట్లల్ల కూసోండ్రి! కండక్టర్ మీ తానికే వస్తది, టికెట్ లోపల కొడ్తది!"

యాదమ్మ నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. "గట్ల జెప్పరాదు ముందుగాల" అని రెయిలింగ్ వదిలి అంబులెన్స్ గేటు వైపు నడిచింది. "టికెట్ లోపలనట, ఎక్కుండ్రి" అన్న మాట నోటినోటా వెనకదాకా పోయింది. దారి ఖాళీ అయింది. ముందు చేరినవాళ్లు గ్యాలరీ మెట్ల మీద చేతిరుమాళ్లు, కొంగులు పరిచి వెనకొచ్చేవాళ్లకు సీట్లు ఆపారు.

లావణ్య గోడ పక్కన కూలబడింది. పాపను నేను అందుకున్నాను. అది నా జుట్టు గుంజి, అప్పుడు ఏడుపు అందుకుంది. ఆ ఏడుపు వినగానే నాక్కూడా ఏడుపొచ్చేసింది. నర్సింహ ఎటో చూస్తూ నిలబడ్డాడు.

ఇచ్చిన మాట నిలబెట్టుకోవాలి కదా. చేతి మెషీన్ మెడలో వేసుకుని మెట్టు మెట్టుకూ తిరిగాను. కాంప్లిమెంటరీ అని ఒక మీట ఉంటుంది, అతిథులకు ఊరికే ఇచ్చే టికెట్ కోసం. ధర దగ్గర సున్నా పడుతుంది. ప్రతి ఒక్కరూ ఆధార్ చూపించారు, నేనూ కండక్టర్ లాగే గంభీరంగా చూశాను. "నన్ను ఏడ దింపుతవ్ బిడ్డా?" అని ఒక ముసలామె అడిగితే మెట్లన్నీ నవ్వాయి. నూటయాభై పెట్టి పైమెట్టు మీద కూర్చున్న మగవాళ్లు మాత్రం నవ్వలేదు. "మేమేం పాపం చేసినం అక్కా?" అన్నారు. నేను మెషీన్ పట్టుకుని కింది మెట్టుకు దిగాను.

మ్యాచ్ మేము ఓడిపోయాం. గౌరవంగా కూడా ఓడలేదు. నూటయాభై పెట్టినవాళ్లు కోచ్‌నూ, గోల్‌కీపర్‌నూ, మూర్తి గారి ఫ్లెక్సీనీ వరసపెట్టి తిట్టుకుంటూ పోయారు. ఆడవాళ్లు మాత్రం మా గోల్‌కీపర్ పడ్డ తీరును ఒకరికొకరు చేసి చూపించుకుని నవ్వుకుంటూ గేటు దాటారు. లావణ్య నా దగ్గర ఆగింది.

"మళ్లొస్తవా?" అని అడిగాను.

"మా ఆయనకు గీ ఆటంటే పాణం. మొగోళ్లకు నూటయాభై అంటే రాలే. అంత వెట్టినంక ఓడిపోతే రెండు దినాలు ఎవ్వలితోని మాట్లాడడక్కా, ఇంట్ల అందరం ఓడినట్టే ఉంటది. అగ్గువుంటే ఓడినా నవ్వుకుంట ఇంటికొస్తడు."

అరచేతుల్లో రెయిలింగ్ తుప్పు మరకలతో ఆమె ఆటో ఎక్కి పోయింది. నేను మూర్తి గారి గదికి వెళ్లాను.

"ఎంతమందిని టికెట్ లేకుండా లోపలికి పంపారండీ?"

"ఒక్కరిని కూడా పంపలేదు సర్. అందరికీ టికెట్ కొట్టాను." ఆపైన రెయిలింగ్ దగ్గర జరిగిందంతా చెప్పాను.

ఆయన కుర్చీలో వెనక్కి వాలారు. "పాపకు ఏమీ కాలేదు కదా?" అన్నారు. కాలేదన్నాను. కాసేపటికి మళ్లీ అదే ప్రశ్న అడిగారు. తర్వాత కళ్లజోడు తీసి, "మరి ఎంత పెట్టమంటారు? అంబులెన్స్‌కు నేను డబ్బులు కట్టాలి కదా సునీత గారూ" అన్నారు. ఆ మాటలో వెటకారం లేదు.

లావణ్య చెప్పింది చెప్పాను. ఓడిపోయినా జనం నవ్వుకుంటూ ఇంటికి పోయే ధర పెట్టండి సర్ అన్నాను.

"మన జట్టుకైతే అది చాలా తక్కువ ఉండాలి" అన్నారు మూర్తి గారు.

తర్వాతి మ్యాచ్‌కు ఆడా మగా అందరికీ యాభై అయింది. ఆధార్ అక్కర్లేదు. పాత ముప్పై కంటే ఎక్కువే, యాదమ్మ కౌంటర్ దగ్గర ఆ మాట అననే అంది. యాభై కూడా బరువయ్యే ఇళ్లున్నాయని నాకు తెలుసు. క్లబ్ ఎన్నాళ్లు నిలుస్తుందో మూర్తి గారికే తెలియదు. ఈ లెక్క ఎవరికీ పూర్తిగా కుదరదు, ఆ దిగులు నాకు పోలేదు. ఇప్పుడు ఏ మ్యాచ్‌కు ధర అనుకున్నా ఖర్చుల జాబితా ఆయన చదువుతారు. నేను మాత్రం ఒక్కటే అడుగుతాను: మనం ఓడిపోతే, ఈ డబ్బు పెట్టి వచ్చిన మనిషి ఇంటికి వెళ్లి పెళ్లాం పిల్లలతో మాట్లాడతాడా?