మామ విప్పిన డ్యాష్‌బోర్డు

మా మేనమామ పోయాడని మేడ్చల్ నుంచి ఫోన్ వచ్చినప్పుడు అమ్మ పప్పు ఎనుపుతోంది. గుత్తి పక్కన పెట్టి, కొంగుతో చెయ్యి తుడుచుకుని, "మొండోడే గని మనసు మంచిది. చేసిన తప్పు ఒప్పుకున్నడు నా తమ్ముడు" అంది. ఏడుపు ఆ తర్వాత వచ్చింది. దినాలకు వచ్చిన చుట్టాలందరికీ ఆ మాటే చెప్పింది. ఆ తప్పు మామది కాదు. ఆ సంగతి తెలిసిన మనిషిని ఇప్పుడు నేనొక్కదాన్నే.

మామది బండ్ల కరెంటు పని. లారీ అయినా ట్రాక్టర్ అయినా లైటు వెలగకపోతే మేడ్చల్‌లో ఆయన దగ్గరికే వచ్చేవాళ్లు. పని ఎంత నెమ్మదో నోరు అంత కారం. పెళ్లికి పోయి కూరలో ఉప్పెక్కువైందని పెళ్లివారికే చెప్పి వచ్చే రకం. అబద్ధమాడటం ఆయనకు చేతకాదని ఇంటిల్లిపాదీ నవ్వుకునేవాళ్లం.

బాపు కొన్న పాత అంబాసిడర్‌కు తీగలన్నీ కొత్తగా లాగింది మామే. ఆ దసరాకు బాపు బండికి పూజ చేసి, డ్యాష్‌బోర్డు మీద చిన్న ఇత్తడి గణపతిని కూర్చోబెట్టాడు. ఎండకు గమ్ము ఊడిపోతోందని, మామను పిలవకుండా తనే స్క్రూ బిగించాడు. ఆ చలికాలం ఒక సాయంత్రం, శామీర్‌పేట చెరువు దాటాక మలుపులో, డ్యాష్‌బోర్డు కింద నుంచి పొగ వచ్చి లైట్లు ఆరిపోయాయి. బండి గుంతలోకి దిగింది. బాపుకేమీ కాలేదు గానీ అమ్మ మణికట్టు విరిగింది. తర్వాత అతుక్కుంది, వంకరగా.

ఆస్పత్రి వరండాలో బాపు మామను చూడగానే, "నీ తీగలే దీని చెయ్యి ఇరగ్గొట్టినయ్. ఇగ నా గడప తొక్కకు" అన్నాడు.

"నా పనిల తప్పు లేదు బావా. ఇప్పి జూపిస్త."

బాపు విప్పనివ్వలేదు. లాల్‌గడి మలక్‌పేట్‌లో మా పొలం దగ్గరి షెడ్డులో బండిని పెట్టి టార్పాలిన్ పట్టా కప్పేశాడు. బతికినంతకాలం ఇద్దరికీ మాటల్లేవు. బాపు పోయిన రోజు మామ వచ్చి, వాకిట్లోనే కాసేపు నిలబడి వెళ్లిపోయాడు. అమ్మ లోపలికి రమ్మనలేదు.

ఆ పొలం ప్లాట్లయ్యాక షెడ్డు తీసేయాల్సి వచ్చింది. తమ్ముడు బండిని తుక్కుకు వేద్దామన్నాడు. నాకు మనసొప్పక మామకు ఫోన్ చేశాను. ఆయన ఒక్క మాటే అడిగాడు: "మీ అమ్మ ఒప్పుకున్నదా?"

ఒప్పుకుంది గానీ షెడ్డు ముందు కుర్చీ వేసుకుని కాపలా కూర్చుంది. "మళ్ల కాలవెడ్తడేమో" అంది నాతో, ఆయనకు వినపడేలా. మామ తల ఎత్తలేదు. ముందు బ్యాటరీ తీగలు విప్పాడు. నన్నొక పాత చీర తెమ్మని, అంచు చించి పేలికలు చేశాడు. విప్పే ప్రతి తీగకూ ఒక పేలిక ముడి వెయ్యడం ఆయన అలవాటు. "గుర్తు వెట్టకుంట తీగ ఇప్పినోడు, తొవ్వ అడగకుంట ఊరు వోయినోడు ఒక్కటే బిడ్డా" అనేవాడు.

గణపతి మీద చెయ్యి వెయ్యగానే అమ్మ లేచి నిలబడింది. "దేవుణ్ని ముట్టకు. మీ బావ కూసుండవెట్టిండు."

"దేవుడు దిగకుంటె డ్యాష్‌బోర్డు పలక రాదక్కా."

ఆయన పనిముట్లు సర్దుకుని వెళ్లిపోతాడేమోనని నాకు భయం వేసింది. కాసేపటికి చెప్పులు విడిచి, చేతులు కడుక్కుని వచ్చి, "సామీ, జర లేవు. పని అయినంక మళ్ల కూసుండవెడ్త" అన్నాడు. అమ్మ కూర్చుంది.

పేరుకుపోయిన కుంకుమ గీకితే స్క్రూ తల కనపడింది. తిప్పి తీస్తే అది ఉండాల్సినదానికంటే చాలా పొడుగ్గా బయటికి వచ్చింది, కొన నల్లగా కాలి ఉంది. మామ దాన్ని అరచేతిలో పెట్టుకుని చూశాడు. పలక ఊడదీసి నన్ను టార్చ్ పట్టుకోమన్నాడు. ఆయన లాగిన తీగలు అల్లిన జడలా చక్కగా ఉన్నాయి. సరిగ్గా ఆ స్క్రూ దిగిన చోట మాత్రం రబ్బరు తెగి, రాగి కరిగి ముద్దయింది.

మామ స్క్రూ కొనను ఆ ముద్ద దగ్గర పెట్టి చూశాడు. ఇన్నేళ్లుగా ఆయన ఎదురుచూసింది దీనికోసమే. ఆయన నోరు తెలుసు కనుక, ఇప్పుడు బాపును ఏమంటాడో, అమ్మ ఎలా తట్టుకుంటుందోనని ఆమె వైపు చూశాను.

"ఏం దొరికింది తమ్మీ?" అని అడిగింది అమ్మ.

మామ స్క్రూను చొక్కా జేబులో వేసుకున్నాడు. "నా తీగే అక్కా. నాసిరకంది ఏసిన. బావ అన్నది నిజమే."

అమ్మ కుర్చీలోంచి లేచింది. "గీ మాట అప్పుడే అంటే ఏం వోయేది" అని, "చాయ్ తాగుతవా?" అంది.

చాయ్ కోసం ఆమె అవతలికి వెళ్లగానే, "గిదేంది మామా?" అన్నాను. ఆయన నా వైపు చూడకుండా తీగకు ముడి వేస్తూ చెప్పాడు. "పోయినోని మీద మాట పడొద్దు బిడ్డా. నేనంటె బతికున్న, పడ్త. నేను వొయ్యినంక నీ ఇష్టం."

కాలిన తీగలు మార్చాడు. పలకకు తుప్పు గీకి రంగు వేశాడు. గణపతిని మళ్లీ కూర్చోబెట్టాడు, ఈసారి స్క్రూ లేకుండా లప్పంతో అతికించి. బండి కౌకూర్‌లో మా ఇంటికి వచ్చింది. ఆదివారం ఆదివారం మామ కూడా వచ్చేవాడు. అమ్మ చేసిన పచ్చిపులుసుకు వంక పెడుతూనే రెండోసారి వడ్డించుకునేవాడు.

ఇప్పుడు బాపు, మామ ఇద్దరూ పోయినవాళ్లే. చెబితే బాపు మీద పడుతుంది, చెప్పకపోతే మామ మీద ఉండిపోతుంది. నీ ఇష్టమని నా నెత్తిన పెట్టి పోయినందుకు ఆయన మీద కోపం కూడా వచ్చింది.

దినాలు అయ్యాక, ఒక సాయంత్రం అమ్మను బండిలో కూర్చోబెట్టి అంతా చెప్పాను. అమ్మ ముందుకు వంగింది. ఆ వంకర చెయ్యి డ్యాష్‌బోర్డు కిందికి పోనిచ్చి మెల్లగా తడిమింది. గణపతి కింద రేకులో స్క్రూ దిగిన రంధ్రం దొరికింది. వేలు అక్కడే ఆగింది.

"పిచ్చోడు" అంది. ఎవరినో నేను అడగలేదు.

"లైట్లెయ్యి బిడ్డా."

వేశాను. ఎదురుగా గోడంతా వెలుగు పరుచుకుంది. అమ్మ దాన్నే చూస్తూ కూర్చుంది, రంధ్రం మీది నుంచి వేలు తియ్యకుండా.