కారణం గారి నివేదికలు

మా తాళాల ఫ్యాక్టరీకి నష్టం వచ్చిందంటే అందరి ముఖాలూ వాడిపోయేవి, ఒక్కరిది తప్ప. ఖర్చుల లెక్కలు చూసే పెద్దాయన ముఖం మాత్రం వెలిగిపోయేది. ఆయనకు కారణాల పిచ్చి. ప్రతి నష్టానికీ కారణం కనిపెట్టి నివేదిక రాస్తే గానీ ముద్ద దిగేది కాదు. ఆయన్ని అసలు పేరుతో పిలిచిన పాపాన ఎవరూ పోలేదు. కారణం గారు, అంతే.

పెద్ద చదువులు చదివినవాళ్లు ఇత్తడి ధర, అప్పు మీద వడ్డీ, యంత్రాల వయసు అని నాలుగు ముక్కలు చెప్పి ఊరుకుంటారు. పాపం, వాళ్లకు తెలిసింది అంతే. మా కారణం గారు ఒక ఏడాది నష్టంలో ఇత్తడి ధరకు నూటికి నలభై పాళ్లు, కరెంటు కోతకు ముప్పై, గోదాములో ఎలుకలకు నాలుగు, ఎదురుగాలికి ఒకటిన్నర పంచిపెట్టారు.

"ఎదురుగాలేంటండీ! మనమేమన్నా పడవలు చేస్తున్నామా?" అన్నారు యజమాని.

"ఎదురుగాలికి మన లారీ డీజిలు ఎక్కువ తాగుతుంది సార్."

"అది కూడా లెక్క కట్టారా?"

"డ్రైవరు పక్కన కూర్చుని, కిటికీలోంచి జేబురుమాలు పట్టుకుని మరీ కట్టాను."

యజమాని తలనొప్పి బిళ్ల వేసుకున్నారు. దాని ఖరీదు మరుసటి నివేదికలోకి ఎక్కింది.

ఇంట్లోనూ అదే వరస. కూర మాడితే, "నీదేం లేదు, గిన్నె అడుగు అరవై పాళ్లు, మంట నలభై పాళ్లు" అనేవారట. "ముప్పై ఏళ్లలో నేను చేసిన తప్పు ఒక్కటీ తేలలేదు, ఈయన్ని చేసుకోవడం తప్ప" అని వాళ్లావిడ నవ్వేది.

ఇలా ఉండగా యజమాని అల్లుడు మేనేజరుగా దిగాడు. ముప్పై నిండకుండానే సమస్త జ్ఞానమూ సంపాదించేసిన మనిషి. వచ్చిన వారానికే కారణం గారిని పిలిచాడు.

"గాలీ ఎలుకలూ నాకొద్దు. ఎవరి వల్ల ఎంత నష్టమో చెప్పండి. సోమవారానికి పది పేర్లు కావాలి, తీసేద్దాం."

ఆ పదిలో మొదటి పేరు నాదే. తయారైన తాళాలను పరీక్షించి పంపే ఉద్యోగం నాది. ఆర్నెల్ల కిందట, ఏ తాళంచెవి పెట్టినా తెరుచుకునే నాలుగొందల తాళాలకు భేషుగ్గా ఉన్నాయని ముద్ర కొట్టిన మహానుభావుణ్ణి నేనే.

సోమవారం యజమాని ముందూ, మా అందరి ముందూ కారణం గారు ఇరవై రెండేళ్ల నివేదికలు బల్ల మీద పోశారు.

"వెతుక్కోండి సార్. మనిషి పేరు ఒక్కటీ దొరకదు."

మేనేజరు పేజీలు తిప్పి ఒకచోట ఆగాడు. "ఈ నాలుగొందల తాళాలకు కారణం 'తేమ'ట! మండుటెండల్లో తేమెక్కడిదండీ?"

"తాళాలు చూసే ఆయన కళ్లలోది సార్. ఆ వారం వాళ్లమ్మ ఆస్పత్రిలో ఉంది."

నేను ఆ సంగతి ఫ్యాక్టరీలో ఎవరికీ చెప్పలేదు. కారణం వెతుక్కుంటూ ఈయన ఆస్పత్రి దాకా వచ్చి, అమ్మ మంచం పక్కన గంటసేపు కూర్చుని వెళ్లారని తర్వాత తెలిసింది.

"కథలొద్దు. పది పేర్లు!" అన్నాడు మేనేజరు.

కారణం గారు జేబులోంచి ఒక కాగితం తీసి యజమానికిచ్చారు. "తాళాలు అరగదీసినప్పుడు రాలే ఇత్తడి రజను రోజూ చెత్తతో పాటు ఊడ్చి పారబోస్తున్నాం సార్. కరిగించి వాడుకుంటే పదిమంది జీతాలు వచ్చేస్తాయి. మూడు నెలలు చెత్తకుండీ దగ్గర కూర్చుని తూకం వేశాను."

యజమాని కాగితం రెండుసార్లు చదివారు. అల్లుడి వైపు చూసి, "రేపటి నుంచి ఆ రజను సంగతి నువ్వు చూడు బాబూ" అన్నారు. ఎవరి ఉద్యోగమూ పోలేదు.

సాయంత్రం గేటు దగ్గర ఆయన్ని పట్టుకుని, "మీ మేలు మరచిపోలేనండీ" అన్నాను.

కారణం గారు చిరాకు పడ్డారు. "మేలేంటండీ, నా బాధ నాది. మిమ్మల్ని తీసేస్తే ఇంకొకాయన వస్తాడు. ఆయన చేసే తప్పులకు నేను మళ్లీ మొదటి నుంచి కారణాలు వెతకాలి. మీవైతే నాకు అలవాటైపోయాయి!"