వంకాయ మీద పడ్డ నింద

ఆ వానాకాలం నాకు సగం నిద్రలోనే గడిచింది. అశోక్‌నగర్ హాస్టల్లో ఉంటూ గ్రూప్స్‌కు చదువుతున్నాను. పరీక్షకు రెండు నెలలే ఉన్నాయి. ముంజేతుల మీద, పొట్ట మీద ఎర్రటి దద్దుర్లు, ఒకటే దురద. చిక్కడపల్లి మెడికల్ షాపులో ఎలర్జీ అని మాత్రలిచ్చారు. వేసుకుంటే మత్తు. మధ్యాహ్నాలు పుస్తకంలోని అక్షరాలు మెల్లగా లేచి, డాబా మీద ఆరేసిన దుప్పట్ల వెనక్కి వెళ్లిపోయేవి.

అక్కడే, నీళ్ల ట్యాంకు నీడలో, ఒక బూడిదరంగు పిల్లి వచ్చి నా ఒళ్లో పడుకునేది. పిల్లుల్ని చేరదీయొద్దని హాస్టల్ ఆంటీ గట్టిగా చెప్పింది. ఎప్పుడూ నైటీ మీద మగవాళ్ల ఫుల్ చేతుల చొక్కా వేసుకుని, గరిటె పట్టుకునే తిట్టేది. అందుకే మాది దొంగచాటు స్నేహం. పిల్లి చెవుల అంచున బొచ్చు ఊడి పొక్కులు కట్టాయి. ఎక్కడో కొట్లాడి వచ్చిందని జాలిపడి ఇంకాస్త హత్తుకునేదాన్ని. నా అంత తెలివైనవాళ్లే కదా గ్రూప్స్ రాసేది!

గదిలో అందరూ వంకాయ వల్లే అన్నారు. నాకు ప్రాణమైన కూర, ఏడుపొచ్చినా మానేశాను. దురద మాత్రం తగ్గలేదు.

చివరికి ఆంటీయే నన్ను నారాయణగూడలో చర్మం డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. "పిల్లినో కుక్కనో పెంచుతున్నరా?" అని డాక్టరమ్మ అడిగింది. పక్కన ఆంటీ ఉంది. "లేదు మేడం," అన్నాను. "మా తాన అసల్ రానియ్యం," అని ఆంటీ వంత పాడింది. ఇంకో రకం మత్తు మాత్రలతో తిరిగొచ్చాం.

తర్వాతి రెండు వారాలూ మబ్బుల్లో తేలాను. మాక్ టెస్టులో సగం ప్రశ్నల దగ్గరే నిద్రపోయాను. అప్పుడు భయమేసింది. ఒక్కదాన్నే వెళ్లి డాక్టరమ్మకు నిజం చెప్పేశాను.

"ఎత్తుకునే కాడనే వచ్చినయి చూడు. ఎలర్జీ కాదు, పిల్లి గజ్జి. నీకు క్రీమ్ ఇస్త గని, పిల్లికి మందు ఇప్పియ్యకపోతే మల్ల వస్తది," అందామె.

పిల్లిని పశువుల డాక్టరుకు చూపించాలంటే ఆంటీకి చెప్పక తప్పదు. చెబితే నా గదైనా పోతుంది, పిల్లైనా పోతుంది. వంటింటి గుమ్మంలో నిలబడ్డాను.

"ఆంటీ, డాబా మీది పిల్లిని రోజు ఎత్తుకుంటున్న. దానికి గజ్జి ఉందట. నాకు గూడ అదే."

పప్పు కలుపుతున్న గరిటె ఆగింది. తిట్లకు సిద్ధపడి తల దించుకున్నాను. ఆమె చొక్కా చేతులు పైకి మడిచింది. ముంజేతుల నిండా అచ్చం నాలాంటి దద్దుర్లే.

"నేను గూడ వంకాయ మానేసిన బిడ్డా," అంది.